ఆర్థో సీటు, డాలస్ ఇల్లు: ర్యాంక్ లిస్టుకు ముందు వేసుకోవాల్సిన లెక్క

ప్రశ్న: మేముండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. నా జీతం ఏడాదికి లక్షా 35 వేల డాలర్లు. వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్లాలి. మా కంపెనీకి అట్లాంటా, షార్లెట్‌లలో కూడా ఆఫీసులున్నాయి. నా భార్య ఇక్కడే పుట్టి పెరిగింది, మెడిసిన్ మూడో ఏడు. 2026 సెప్టెంబరులో ఆర్థోపెడిక్ (ఎముకల) సర్జరీ రెసిడెన్సీకి, అంటే ఐదేళ్ల స్పెషలిస్టు శిక్షణకు, అప్లై చేస్తుంది. తనకు ఫెడరల్ లోన్ 2 లక్షల 30 వేలు ఉంది. 2021లో 3 శాతం వడ్డీకి ఇల్లు కొన్నాం. రెండేళ్ల పాపను అర్వింగ్‌లో ఉండే మా అత్తగారు, మామగారు చూసుకుంటారు. బ్యాంకులో 38 వేలున్నాయి. డాలస్ చుట్టుపక్కలకే అప్లై చేద్దామా, దేశమంతా చేద్దామా? వేరే ఊళ్లో వస్తే ఇల్లు అమ్మేయాలా?

జవాబు: డాలస్‌కే పరిమితం కావద్దు. దేశమంతా చల్లాల్సిన పనీ లేదు. ఇల్లు ఇప్పుడే అమ్మొద్దు. ఎందుకో లెక్కలతో చెబుతాను.

ఆర్థోకు అప్లై చేసిన అమెరికన్ ఎం.డి. విద్యార్థుల్లో కూడా దాదాపు నలుగురిలో ఒకరికి సీటు రాదు. దేశంలో 200కు పైగా ప్రోగ్రాములున్నా ఒక్కోటి ఏడాదికి తీసుకునేది కొద్దిమందినే. డాలస్‌లో యూటీ సౌత్‌వెస్టర్న్, ఫోర్ట్‌వర్త్‌లో జె.పి.ఎస్. లాంటివి మీ ఇంటికి కారు దూరంలోనే ఉన్నాయి, కానీ అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. అభ్యర్థుల, ప్రోగ్రాముల ర్యాంక్ లిస్టులను కలిపి సీట్లు ఇచ్చే పద్ధతిని మ్యాచ్ అంటారు. అందులో సీటు రానివాళ్లు మిగిలిన సీట్ల కోసం వెళ్లే సోప్ అనే రెండో విడతలో ఆర్థో సీట్లు దాదాపు ఉండవు.

సీటు రాకపోతే పోయే డబ్బు రెసిడెంట్ జీతం అనుకుంటారు చాలామంది. పోయేది అది కాదు, చివర్లో సర్జన్‌గా సంపాదించే ఒక ఏడాది. ఆర్థో సర్జన్ మొదటి జీతం ఇవాళ 5 లక్షల డాలర్లకు పైమాటే. పన్నులు పోయాక కూడా ఆ ఏడాది విలువ 3 లక్షలకు తగ్గదు. ఇప్పుడు రెండో వైపు చూడండి. ఆవిడకు వేరే ఊళ్లో సీటు వచ్చి, మీరు ఫ్రిస్కోలోనే ఉండి, ఆవిడ ఒక బెడ్‌రూం అపార్ట్‌మెంట్ తీసుకుంటే అద్దె 1,300, కరెంటు, ఇంటర్నెట్ 200, రాకపోకలకు 400, మొత్తం నెలకు 1,900. ఐదేళ్లకు లక్షా 14 వేలు. రెండు కాపురాలు ఖరీదైనవే, కానీ సీటు పోగొట్టుకోవడం అంతకన్నా ఖరీదైనది. డబ్బు వైపు నుంచి చూస్తే హద్దును కొంత సాగదీయడమే సరైనది.

అయితే మీ అసలు హద్దు ఇల్లు కాదు, పాపను చూసుకునే మీ అత్తమామలు. సర్జరీ రెసిడెంట్‌కు నాలుగు వారాల సగటున వారానికి 80 గంటల వరకు పని ఉంటుంది, ఏడు రోజుల్లో ఒక రోజు సెలవు. తెల్లవారుజామున ఐదు, ఐదున్నరకు వార్డులో ఉండాలి. ఆ వేళకు ఏ డే కేర్ తలుపూ తెరుచుకోదు. పాపను ఆవిడ వెంట పంపితే డే కేర్‌తో పాటు ఉదయం, రాత్రి మనిషిని పెట్టుకోవాలి. నెలకు 1,900 అనుకున్నది 4,000 దాటుతుంది. అందుకే అప్లికేషన్ తెరవకముందే ఆ పెద్దవాళ్లిద్దరితో కూర్చుని ఒకటే అడగండి: వేరే ఊరైతే మీరు మాతో వస్తారా, లేక పాప మీ దగ్గరే ఉంటుందా? ఆ జవాబును బట్టే ఏ ఊరు కుదురుతుందో తేలుతుంది.

ఇక అప్లికేషన్ ఫీజు. గత సీజన్లలో ఎరాస్ (రెసిడెన్సీ అప్లికేషన్లు పంపే ఆన్‌లైన్ వ్యవస్థ) ఒక స్పెషాలిటీలో మొదటి 30 ప్రోగ్రాములకు ఒక్కోదానికి 11 డాలర్లు, 31వది నుంచి ఒక్కోదానికి 30 డాలర్లు తీసుకుంది. అంటే 30కి 330, 40కి 630, 80కి 1,830. ఇంకో సంగతి, ఆర్థోలో 30 సిగ్నళ్లు ఇస్తారు, అంటే మీ ప్రోగ్రాము మీద నాకు ప్రత్యేకంగా ఆసక్తి ఉందని చెప్పే గుర్తులు. సిగ్నల్ ఇవ్వని ప్రోగ్రాము నుంచి ఇంటర్వ్యూ పిలుపు రావడం చాలా అరుదు. కాబట్టి 40 దాటాక పెట్టే ప్రతి డాలరూ దాదాపు వృథాయే. సొంత కాలేజీకీ, బయట రొటేషన్ (వేరే ఆసుపత్రిలో కొన్ని వారాల శిక్షణ) చేసిన చోటుకీ కూడా సిగ్నల్ ఇవ్వాలి. వాళ్లకు మనం ఎలాగూ తెలుసు కదా అని మానేసినవాళ్లే ఎక్కువగా దెబ్బ తింటారు.

సిగ్నళ్లను ఊళ్ల వారీగా పంచండి. టెక్సస్, ఓక్లహామా, ఆర్కన్సా, లూసియానా కలిపితే ఎరాస్‌లో ఒకే భౌగోళిక విభాగం. సైనిక ఆసుపత్రులవి తీసేస్తే ఈ నాలుగు రాష్ట్రాలతో 30 నిండవు. మిగతావి మీ కంపెనీ ఆఫీసులున్న అట్లాంటా, షార్లెట్ వైపు పెట్టండి, రెండూ సౌత్ అట్లాంటిక్ విభాగంలోనే ఉన్నాయి. అప్లికేషన్‌లో మూడు విభాగాల వరకు ఎంచుకుని, ఒక్కోదానికి కారణం 300 అక్షరాల్లో రాయొచ్చు. ఆ కారణం ఆ విభాగంలోని ప్రోగ్రాములకే కనబడుతుంది, మిగతా వాళ్లకు కనబడదు. "ఈ ప్రాంతం ఇష్టం" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. "నా భర్త కంపెనీకి అట్లాంటాలో ఆఫీసు ఉంది, బదిలీకి ఒప్పుకున్నారు" అంటే నమ్ముతారు. ఆ మాట రాయడానికి ముందు మీ మేనేజర్ దగ్గర బదిలీ సంగతి నిజంగా ఖాయం చేసుకోండి. టెక్సస్ స్టార్ అని యూటీ సౌత్‌వెస్టర్న్ వాళ్లు నడిపే డేటా ఉంది. ఎలాంటి మార్కులతో, సిగ్నల్‌తో ఎవరికి ఎక్కడ ఇంటర్వ్యూ వచ్చిందో విద్యార్థులే చెప్పిన వివరాలు అందులో ఉంటాయి. ఆవిడ కాలేజీ అందులో ఉంటే డీన్ ఆఫీసులో అడిగి తప్పకుండా చూడమనండి.

డబ్బు ఎక్కువ ఖర్చయ్యేది ఫీజులకు కాదు, బయట రొటేషన్లకు. నాలుగేసి వారాల రొటేషన్లు రెండు చేస్తే గది, కారు, ప్రయాణం కలిపి ఒక్కోదానికి 2,500 వేసుకోండి. ఇంటర్వ్యూలు కొన్ని వీడియోలో జరుగుతాయి, కొన్ని ప్రోగ్రాములు నేరుగా రమ్మంటాయి. వాటికి ఇంకో 2,500. అన్నీ కలిపి 10 వేలు విడిగా తీసిపెట్టండి. ఒక రొటేషన్ తప్పకుండా ఇంటికి దూరంగా, నిజంగా వెళ్లగలిగే ఊళ్లోనే చేయమనండి. ఆ నాలుగు వారాల్లో పాపతో ఇల్లు ఎలా నడుస్తుందో మీకే తెలుస్తుంది, ఖర్చూ కళ్లముందు కనబడుతుంది.

ర్యాంక్ లిస్టు దగ్గర తెలివి ప్రదర్శించొద్దు. "ఇక్కడ వచ్చే అవకాశం ఎక్కువ కదా" అని వాళ్లను పైన పెట్టడం వల్ల లాభం లేదు. మ్యాచ్ అల్గారిథమ్ అభ్యర్థి ఇష్టం నుంచే మొదలవుతుంది, నిజంగా ఇష్టమైన వరుసలో పెట్టడమే మేలు. కింది నుంచి ఒక్కో పేరు తీసుకుని "ఇక్కడ ఐదేళ్లు ఉండటం మేలా, ఈ ఏడాది సీటు లేకుండా ఉండటం మేలా?" అని ఒకరినొకరు అడగండి. రెండోదే మేలనిపిస్తే ఆ పేరు తీసేయండి. ఎందుకంటే మ్యాచ్ అయితే అది ఒప్పందమే. చేరిన 45 రోజుల్లోపు వదిలేసినా ఒప్పందం మీరినట్టే లెక్క. ముందుగా మ్యాచ్ నడిపే ఎన్.ఆర్.ఎం.పి. నుంచి మినహాయింపు తెచ్చుకోకపోతే తర్వాతి సంవత్సరాల్లో కూడా చిక్కులే. ప్రతి పేరు పక్కన ఐదేళ్ల ఖర్చు రాసుకోండి: అద్దె, ప్రయాణం, పాప, రాష్ట్రపు పన్ను. టెక్సస్‌లో ఆదాయపు పన్ను లేదు. ఓక్లహామా, జార్జియా, నార్త్ కరోలినాల్లో ఉంది.

లోన్ సంగతి టెక్సస్ వాళ్లు జాగ్రత్తగా చూడాలి. 2026 జూలై 1 తర్వాత తీసుకునే ఫెడరల్ లోన్‌కు ఆదాయాన్ని బట్టి కట్టే పథకం ఆర్.ఏ.పి. (రీపేమెంట్ అసిస్టెన్స్ ప్లాన్) ఒక్కటే. ఆవిడ ఆఖరి ఏడాది లోన్ దానికిందికే వస్తుంది, అది తీసుకుంటే పాత లోన్లకూ పాత పథకాలు అందకపోవచ్చు. జూలై 1 తర్వాత పాత లోన్లను కన్సాలిడేట్ చేస్తే (ఒకే లోన్‌గా కలిపేస్తే) అవీ కొత్త లోన్ కిందికే వెళ్తాయి, కాబట్టి సర్వీసర్ (లోన్ వసూళ్లు చూసే సంస్థ) ఫోన్‌లో చెప్పగానే ఒప్పుకోవద్దు. ఈ పథకంలో ఏడాదికి 60 నుంచి 70 వేల ఆదాయానికి 6 శాతం, అలా పెరుగుతూ లక్ష దాటితే 10 శాతం. పిల్లలకు తలా నెలకు 50 తగ్గిస్తారు. ఆవిడ జీతం 68 వేలు అనుకుంటే, ఇద్దరూ కలిసి పన్ను రిటర్న్ వేస్తే ఆదాయం 2 లక్షల 3 వేలు, పాపకు తగ్గే 50 తీసేయకముందు కట్టాల్సింది నెలకు 1,690. విడివిడిగా వేస్తే 340 అని చాలామంది సలహా ఇస్తారు. టెక్సస్‌లో అది తప్పు. ఇది భార్యాభర్తల ఆదాయాన్ని ఉమ్మడిగా చూసే రాష్ట్రం. విడిగా వేసినా ఇద్దరి సంపాదన చెరి సగం పడుతుంది. ఆవిడ ఆదాయం లక్షా 1,500 అవుతుంది, నెలకు 845 కట్టాలి.

దీనికీ దారి ఉంది. మీరు 401కె అనే రిటైర్మెంట్ ఖాతాలో 2026 పరిమితి 24,500 నిండుగా వేస్తే ఉమ్మడి ఆదాయం లక్షా 78,500కు దిగుతుంది, సగం 89,250. శాతం పదినుంచి ఎనిమిదికి తగ్గి నెలకు 595 పడుతుంది, పాప ఆవిడ రిటర్న్‌లో ఉంటే 545. ఆదాయం ఎలాగూ సగం సగం పడుతుంది కాబట్టి విడిగా వేసినందుకు పెరిగే పన్ను మిగతా రాష్ట్రాల వాళ్లకన్నా మీకు చాలా తక్కువ. రాత్ ఐ.ఆర్.ఎ. అనే ఇంకో రిటైర్మెంట్ ఖాతాలో నేరుగా వేసే వీలు పోతుంది. ఉమ్మడి ఆదాయాన్ని ఇద్దరికీ పంచి చూపే 8958 ఫారం నింపడం తెలిసిన సి.పి.ఏ. (అకౌంటెంట్)నే పట్టుకోండి.

రెసిడెన్సీ ఐదేళ్లు, ఫెలోషిప్ ఒక ఏడాది లాభాపేక్ష లేని ఆసుపత్రిలోనే చేస్తే పి.ఎస్.ఎల్.ఎఫ్.కు (ప్రజాసేవ సంస్థల్లో పనిచేస్తూ కట్టినవాళ్లకు మిగిలిన ఫెడరల్ లోన్ మాఫీ చేసే పథకం) కావాల్సిన 120 నెలల్లో 72 అయిపోతాయి. టెక్సస్‌లో ఆసుపత్రులు డాక్టర్లను నేరుగా ఉద్యోగులుగా పెట్టుకోవడానికి చట్టం అడ్డుపడుతుంది. అందుకే ఇక్కడ అలాంటి ఆసుపత్రిలో పనిచేసే డాక్టర్ జీతం డాక్టర్ల గ్రూపు నుంచి వచ్చినా 2023 జూలై నుంచి లెక్కలోకి తీసుకుంటున్నారు. రెసిడెన్సీలో ఉండగా ప్రైవేట్ లోన్‌కు మారితే ఈ అవకాశం మొత్తం పోతుంది.

మీరు ఫ్రిస్కోలో ఉన్నంతకాలం ఇల్లు కదిలించొద్దు, 3 శాతం వడ్డీ మళ్లీ దొరకదు. కుటుంబమంతా వెళ్లిపోతే అద్దెకివ్వండి, కానీ సొంతంగా కాపురముండే ఇంటికిచ్చే హోమ్‌స్టెడ్ రాయితీ పోయి ప్రాపర్టీ టాక్స్ పెరుగుతుందని, ఇన్సూరెన్స్ కూడా అద్దె ఇంటి పాలసీకి మార్చాలని గుర్తుంచుకోండి. అమ్మినప్పుడు దంపతులకు 5 లక్షల వరకు లాభంపై పన్ను లేకుండా ఉండాలంటే గత ఐదేళ్లలో రెండేళ్లు అందులో కాపురం ఉండాలి. అంటే అద్దెకిచ్చి మూడేళ్లు దాటకముందే అమ్మాలా, ఉంచాలా తేల్చుకోవాలి. రెసిడెన్సీ ఐదేళ్లు కాబట్టి ఈ గడువు మధ్యలోనే వచ్చి పడుతుంది.

మిగిలిన 28 వేలలో 12 వేలు మారడానికి. చదువు మేలో అయిపోతుంది, ఓరియెంటేషన్ జూన్‌లో, మొదటి జీతం జూలై సగం దాటాకే. ఆ రెండు నెలల మధ్యే డిపాజిట్, మూవర్స్, లైసెన్స్ ఖర్చులన్నీ వస్తాయి. ఫెడరల్ పన్నులో ఇల్లు మారిన ఖర్చుకు మినహాయింపు లేదు. 16 వేలు ముట్టుకోకండి. ఆర్థో రాకపోతే ఒక ఏడాది రీసెర్చ్ చేయాల్సిన రోజుకు అది కావాలి. ఏడాదిపాటు మాత్రమే ఉండే ప్రిలిమినరీ సర్జరీ సీటు మీదా ఆశ పెట్టుకోకండి. రెండో ఏడుకు గ్యారంటీ లేదు, రెండుసార్లు ఊరు మారే ఖర్చు మాత్రం ఖాయం.

ఈ నెలలోనే చేయాల్సినవి రెండు. మీ మేనేజర్‌తో అట్లాంటా, షార్లెట్ బదిలీ గురించి మాట్లాడండి. ఆవిడ స్టూడెంట్ ఎయిడ్ ఖాతాలోంచి లోన్ల వివరాల ఫైలు దించి, ఏ లోన్ ఏ తేదీన తీసుకున్నదో గుర్తులు పెట్టి సి.పి.ఏ.కు ఇవ్వండి.