పరాయి భాషలో ఒప్పుకున్నది తెలుగులో ఒకసారి చెప్పుకోండి

స్టుట్‌గార్ట్‌లో స్థిరపడి పదహారేళ్లయిన నేను పని మీద ఏటా రెండుసార్లు బెంగళూరు వస్తుంటాను. వచ్చినప్పుడల్లా మారతహళ్ళిలో ఉండే మనవాళ్లలో జర్మనీ ప్రయాణానికి సిద్ధమవుతున్నవారు ఎవరో ఒకరు, భాష అంతంతమాత్రమైతే వ్యాపార నిర్ణయాల్లో దెబ్బతింటామా అని అడుగుతూనే ఉంటారు. దెబ్బతింటారు, అయితే మీరు భయపడుతున్న చోట కాదు.

లెక్కల దగ్గర పరాయి భాష మేలే చేయవచ్చు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన బోయజ్ కీజార్ బృందం 2012లో ప్రచురించిన ఒక ప్రయోగంలో విద్యార్థుల ముందు నాణెం పందెం పెట్టారు. గెలిస్తే డాలరున్నర అదనంగా వస్తుంది, ఓడితే డాలరు పోతుంది. సగటున లాభసాటి పందెమే అయినా, మాతృభాష ఇంగ్లీషులో అడిగినప్పుడు 54 శాతం సార్లే ఒప్పుకోగా, నేర్చుకున్న స్పానిష్‌లో అడిగినప్పుడు 71 శాతం సార్లు ఒప్పుకున్నారు. నష్టభయం సొంత భాషలో గుచ్చుకున్నంతగా నేర్చుకున్న భాషలో గుచ్చుకోదని దీని సారాంశం.

గుచ్చుకోకపోవడం అన్నివేళలా మంచిది కాదు. ఒక ఒప్పందంలోని జరిమానా షరతును జర్మన్‌లో రెండుసార్లు చదివి కూడా నిశ్చింతగా తల ఊపిన నేను, ఆ రాత్రి మా ఆవిడతో "ఆలస్యమైతే రోజు లెక్కన మనమే ఎదురు కట్టాలి" అన్నాక గానీ ఉలిక్కిపడలేదు. అప్పటినుంచి సంతకానికి ముందు ఒక రాత్రి గడువు అడుగుతున్నాను. అడిగితే అక్కడ ఎవరూ తప్పుపట్టరు.

అసలు చిక్కు మనుషులతోనే. నిరుడు వైట్‌ఫీల్డ్‌లో జరిగిన సమావేశంలో, మార్చి నెలాఖరుకు పని పూర్తవుతుందా అని జర్మన్ సహోద్యోగి అడిగితే, మన కుర్రాడు "చూద్దాం" అనే మాటనే ఇంగ్లీషులో మర్యాదగా చెప్పాడు. ఎదుటివారి మనసు నొప్పించకుండా కాదనడానికి మనం వాడే మాట అది. ఆయన మాత్రం పుస్తకంలో మార్చి 31 అని రాసుకుని కింద గీత కూడా గీశారు. ఆ తరువాత మనవాళ్లు ముగ్గురూ తెలుగులో గుసగుసలాడుతుంటే, పక్కనే కూర్చున్న కన్నడ సహోద్యోగి మౌనంగా ల్యాప్‌టాప్ మూసేశాడు. నాకు అదే ఎక్కువ బాధ కలిగించింది.

కాబట్టి కుదరనిదాన్ని కుదరదనే చెప్పండి, ఏ తేదీకి కుదురుతుందో కూడా చెప్పండి, సమావేశం ముగిసిన సాయంత్రమే ఒప్పుకున్నవన్నీ రాసి అందరికీ పంపండి. గడియారం వేళలను మాత్రం అంకెల్లోనే రాయండి. జర్మన్‌లో "హాల్బ్ డ్రై" అంటే రెండున్నర. దాన్ని మూడున్నర అనుకుని నేను వెళ్లేసరికి గదిలో కాఫీ కప్పులు తీసేస్తున్నారు.