సలీర్ అంటే బయటికా, పైకా?

స్పానిష్‌లో 'సలీర్' అంటే బయటికి వెళ్లడం, ఇటాలియన్‌లో 'సలీరే' అంటే పైకి ఎక్కడం, రెండూ ఒకే లాటిన్ మాట నుంచి వచ్చాయంటున్నారు, మరి ఎవరిది తప్పు అని అడిగారు. ఎవరిదీ కాదండి. ఆ లాటిన్ మాటకి అసలు అర్థం ఈ రెండూ కాదు, గెంతడం.

నాకు ఈ తేడా పుస్తకంలో కాదు, బస్సులో తెలిసింది. హైదరాబాద్‌లో ఆఫీసు పని కోసం రెండేళ్లు స్పానిష్ నేర్చుకున్నాను, ఆ ధీమాతో ఇటాలియన్ ఒక్క ముక్క కూడా చూసుకోకుండా రోమ్ వెళ్లిపోయాను. సిటీ బస్సులో నేను దిగాల్సిన స్టాప్ వస్తోంది, వెనక తలుపు మీద 'సలీతా' అని రాసుంది. స్పానిష్‌లో బయటికి వెళ్లే దారిని 'సలీదా' అంటారు, ఒక్క అక్షరమే కదా తేడా అనుకుని బ్యాగు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. తలుపు తెరుచుకోగానే కింద నుంచి పదిమంది తోసుకొచ్చారు. నన్ను దిగనివ్వరు, నేను అడ్డం లేవను. ఒక పెద్దావిడ మధ్య తలుపు చూపిస్తూ 'ఉష్షీతా, ఉష్షీతా!' అని గదమాయించింది. అక్కడికి చేరేలోపు బస్సు కదిలింది, తర్వాతి స్టాప్‌లో దిగి ఎండలో వెనక్కి నడిచాను. సలీతా అంటే ఎక్కే తలుపు, దిగేది ఉష్షీతా.

గెంతడం అనే మాట ఒక్కో చోట ఒక్కో వైపు వెళ్లింది. స్పెయిన్, పోర్చుగల్ వాళ్లకి బయటికి గెంతడం మిగిలింది, పోనుపోను గెంతు పోయి బయటికి రావడం ఒక్కటే ఉండిపోయింది. పొద్దు పొడవడానికి కూడా స్పానిష్‌లో ఈ 'సలీర్' మాటే వాడతారు. ఇటలీలో పైకి గెంతడం కాస్తా ఎక్కడం అయింది, జెనోవాలో గుట్ట మీదికి ఎక్కే ఇరుకు సందుల పేర్లే 'సలీతా' అని మొదలవుతాయి. ఫ్రెంచ్‌లో 'సాయీర్' అంటే గోడలోంచి ఏదైనా ముందుకు పొడుచుకు రావడం. అచ్చంగా గెంతడం అనే అర్థంలో ఉంచుకున్నది రుమేనియన్ వాళ్లే.

నాకు అన్నిటికంటే సరదాగా అనిపించేది ఆ పక్క మాటల సంగతి. లాటిన్‌లో బయటికి వెళ్లడానికి 'ఎక్సీరే' అనే మాట ముందే ఉంది. ఇటలీలో అదే 'ఉష్షీరే' అయి నిలబడింది కాబట్టి సలీరేకి ఆ చోటు ఖాళీ లేదు. స్పెయిన్‌లో ఆ పాత క్రియ వాడుకలోంచి పోయింది, దాని చుట్టం 'ఎక్సితో' మాత్రం ఉంది, అదీ విజయం అనే అర్థంలో (తలుపు మీద కనిపిస్తుందని వెతక్కండి). మరి స్పానిష్‌లో ఎక్కడానికి ఏమంటారు? 'సుబీర్'. అదే మాట ఇటాలియన్‌లో 'సుబీరే', అంటే కష్టాన్నో నష్టాన్నో భరించడం! హోటల్లో గదికి పైకి వెళ్తున్నాను అని చెప్పబోయి ఆ మాట వాడాను, రిసెప్షన్ కుర్రాడు నా వంక జాలిగా చూశాడు.

మనకీ ఇది కొత్తేం కాదు. సంస్కృతంలో 'అవసరం' అంటే తగిన సమయం, హిందీలో అవకాశం, మనకి అక్కర, కన్నడంలో తొందర. బెంగళూరులో మొదటి నెల అద్దె ఇవ్వబోతే ఓనరు 'అవసర ఇల్ల' అన్నాడు. అద్దె అక్కర్లేదంటున్నాడు, ఎంత మంచివాడో అనుకున్నాను. తొందరేం లేదు, తర్వాత ఇవ్వు అన్నాడంతే.

అన్నట్టు, ఉప్పుకీ సలీర్‌కీ ఏమైనా సంబంధం ఉందా అని కూడా అడిగారు. లేదు, లాటిన్‌లో అవి వేరు వేరు మాటలు. కాకపోతే స్పానిష్‌లో 'సాల్' అంటే ఉప్పు, 'బయటికి పో' అనడానికీ అదే 'సాల్'. భోజనాల బల్ల దగ్గర ఆ ఒక్క ముక్కే గట్టిగా అనకండి, వెనక ప్లీజ్ తగిలించండి... అది తగిలించినా రెండో అర్థం పోదనుకోండి, చేత్తో ఉప్పు డబ్బా కూడా చూపించండి.