తెల్ల పూల ఫాబా బీన్ రెండు రకాలను సంకరం చేస్తే రంగు పూలు ఎందుకు వస్తాయి?

ముందుగా, ఇది మన పందిరి చిక్కుడు కాదు. బ్రాడ్ బీన్ అని కూడా పిలిచే వేరే పంట. దీని పూల రెక్కల మీద మామూలుగా నల్ల మచ్చ ఉంటుంది. గింజ తొక్కలో టానిన్ (వగరునిచ్చే పదార్థం) తయారు కాని రకాలకు పూలు మచ్చ లేకుండా తెల్లగా పూస్తాయి.

ఈ తెలుపుకు కారణం ఒకే జన్యువు కాదు. జెడ్‌టి1, జెడ్‌టి2 అని రెండున్నాయి. రెండింటి లోపమూ అంతర్గతమే, అంటే తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు ప్రతులూ లోపంతో వస్తేనే బయటపడుతుంది. ఈ రెండిట్లో ఏ ఒక్క జన్యువులో అలా జరిగినా పువ్వు తెల్లబడుతుంది. మీ రెండు రకాల్లో ఒకదాని లోపం జెడ్‌టి1లో, రెండోదాని లోపం జెడ్‌టి2లో ఉంటే, సంకరంలో ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. అందుకే మొదటి తరమంతా రంగు పూలే. రెండో తరంలో సుమారు 9 రంగువి, 7 తెల్లవి వస్తాయి. రెండు రకాల్లోనూ ఒకే జన్యువు లోపిస్తే మాత్రం తెలుపే.

లెక్క తప్పిందా? తేనెటీగలను అనుమానించండి. ఈ పంటలో పరపరాగ సంపర్కం బాగా ఎక్కువ. వల కట్టకపోతే పక్క మడి పుప్పొడి వచ్చి పడుతుంది.

ఈ గింజల్లో ఉండే, జి6పిడి అనే ఎంజైమ్ లోపం ఉన్నవారికి ప్రమాదకరమైన వైసిన్ అనే పదార్థాన్ని తగ్గించే జన్యువు కూడా అంతర్గతమే. కానీ వైసిన్ తయారయ్యేది తల్లి మొక్క కణజాలమైన గింజ తొక్కలో. కాబట్టి ఫలితం ఒక తరం ఆలస్యంగా కనిపిస్తుంది, తొందరపడి మొక్కల్ని పీకేయకండి. గింజ సైజు, దిగుబడి అనేక జన్యువుల పని, వాటికి ఇలాంటి నిష్పత్తులు దొరకవు.