వంద వరకూ అప్పజెప్పే పిల్లవాడు అయిదు బొమ్మలు ఎందుకు ఇవ్వలేడు?

నాలుగేళ్ల బాబు ఒకటి నుంచి వంద వరకూ తడుముకోకుండా చెబుతున్నాడనీ, అయిదు బొమ్మలు ఇమ్మంటే మాత్రం గుప్పెడు తెచ్చి పోస్తున్నాడనీ, ఇది మెదడులో లోపమా అనీ అడిగారు. కాదు. అంకెలు అప్పజెప్పడం వేరు, లెక్క తెలియడం వేరు. మా అమ్మాయిని గమనించిన అనుభవంతో ఈ మాట గట్టిగానే చెప్పగలను.

పిల్లకు మూడున్నరేళ్లప్పుడు ఏడు గుండీలు వరుసగా పేర్చి లెక్కపెట్టమన్నాను. ఒక్కొక్కదాని మీద వేలు ఆనించి, ఏడు వరకూ తప్పు లేకుండా లెక్కించింది. "మొత్తం ఎన్నమ్మా?" అంటే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. ఇంకోసారి అడిగితే, నాన్నకు సరిగా వినబడలేదనుకుందో ఏమో, గొంతు పెంచి లెక్కించింది. చివర పలికిన అంకే మొత్తం సంఖ్య అన్న సంగతి అప్పటికింకా తోచలేదన్నమాట. రెండు ఇమ్మంటే రెండే ఇచ్చేది, మూడు ఇమ్మంటే మూడే; నాలుగనగానే చేతికందినన్ని. పిల్లలు ఒకటి, రెండు, మూడుల అర్థాన్ని నెలల తరబడి విడివిడిగా నేర్చుకుని, సాధారణంగా మూడున్నర, నాలుగేళ్ల ప్రాంతంలో మిగిలిన అంకెల కిటుకు పట్టుకుంటారని 1990ల తొలినాళ్లలో మనస్తత్వ శాస్త్రవేత్త కారెన్ విన్ పరిశోధనలు చూపించాయి.

అలాగని పసిపిల్లలకు పరిమాణం బొత్తిగా తెలియదనుకోకండి. ఆరు నెలల శిశువులు 8 చుక్కలకూ 16 చుక్కలకూ తేడా పసిగడతారు, 8కీ 12కీ మధ్య తేడా మాత్రం వారికి అందదు. మెదడు పైభాగాన, కాస్త వెనకగా ఉండే పెరైటల్ లోబ్‌లోని ఒక ముడత ఇటువంటి ఉజ్జాయింపునకు ముఖ్య స్థానం. నోటితో పలికే అంకెలు కచ్చితమైన పరిమాణాలతో ముడిపడటానికి మాత్రం ఏళ్లు పడుతుంది. బంధువుల ముందు వంద వరకూ చెప్పించి చప్పట్లు కొట్టించుకునే పెద్దలకు ఇదంతా పట్టదు.

మీ బాబును మూడు ఇమ్మనండి, అది కుదిరాక నాలుగు. బడికి వెళ్లి ఒకటి రెండేళ్లు గడిచినా చిన్న సంఖ్యలు పోల్చడంలోనే తికమకపడుతుంటే, అప్పుడు డిస్కాల్క్యులియా (అంకెలు, లెక్కలు నేర్చుకోవడంలో ఉండే ప్రత్యేకమైన ఇబ్బంది) ఉందేమో నిపుణులకు చూపించవచ్చు.

ఈలోగా ఎవరైనా వేళ్లు మడిచి లెక్కించవద్దంటే వినకండి. ఈ నిషేధమే ఎంతోమంది పిల్లలకు లెక్కలంటే భయం పుట్టిస్తోందని నా నమ్మకం. లెక్కించగా లెక్కించగా, ఏడెనిమిదేళ్ల వయసులో జ్ఞాపకాలను నిలిపే మెదడు భాగమైన హిప్పోక్యాంపస్ తోడ్పాటుతో 7కు 5 కలిపితే 12 అన్న జవాబు జ్ఞాపకంలో స్థిరపడుతుంది. వేళ్ల అవసరం అప్పుడు దానంతటదే తగ్గిపోతుంది.