గుంటూరు సబ్‌వూఫర్‌ని డాలస్ తెచ్చుకోవాలా?

తమ్ముడూ, ముందు నీ ప్రశ్నకి జవాబు చెప్పేస్తాను. గుంటూరు బ్రాడీపేట ఇంట్లో ఉన్న, పాటల్లో లోతైన శబ్దాన్ని, అంటే బేస్‌ని, మోగించే సబ్‌వూఫర్‌ని అక్కడే ఉండనివ్వు. డాలస్ వచ్చే అమ్మానాన్నల సామాన్లో వేయించుకుంటే డబ్బు మిగులుతుందని నీ లెక్క. మిగలదు. పెట్టెకి 23 కిలోలు. అందులో సగం ఆ డబ్బా తినేస్తే గోంగూర పచ్చడి, ఆవకాయ, కారప్పొడి ఎక్కడ సర్దుతారు? అవన్నీ ఇక్కడ డాలర్లు పోసి కొనాలి, రుచి కూడా ఉండదు. పైగా మనకి 230 వోల్టులు, ఇక్కడ 120. వెనకాల 115/230 అని మార్చుకునే స్విచ్ ఉంటే సరే, లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి. అదో ఖర్చు, అదో బరువు.

నేను కొత్తలో ఇదే పని తిరగేసి చేశాను. ఇక్కడ తగ్గింపు ధరకి దొరికిందని ఒకటి కొని, విజయవాడ పటమటలో మా ఇంటికి మోసుకెళ్లాను. పిన్నుకి అడాప్టర్ పెడితే చాలనుకున్నా. అడాప్టర్ పిన్ను మారుస్తుంది గానీ వోల్టేజీ మార్చదు. స్విచ్ వేయగానే టప్‌మంది, వార్నిష్ కాలిన వాసన. గవర్నర్‌పేటలో రిపేరు చేసే అతను వెనక రేకు విప్పి, నల్లబడ్డ ట్రాన్స్‌ఫార్మర్ చూపించి, "లేబుల్ చదవలేదా సార్?" అన్నాడు. నాన్నగారైతే డాలర్లని రూపాయల్లోకి మార్చి ఎంత తగలేశానో లెక్క చెప్పారు, నేను విజయవాడలో ఉన్నన్నాళ్లూ, రోజూ.

కాబట్టి ఇక్కడే పాతది కొనుక్కో. ఇల్లు మారేవాళ్లు నెలాఖర్లో ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో చవగ్గా ఇచ్చేస్తారు, బేరం కూడా ఆడొచ్చు, సిగ్గుపడకు. ముందు జాలీ తీయించి, కోన్ (గరాటులా ఉండి కదిలే భాగం) చుట్టూ ఉండే అంచుని వేలితో మెల్లిగా నొక్కి చూడు. రబ్బరైతే సాగి మళ్లీ వెనక్కి వస్తుంది. పాతబడిన ఫోమ్ అయితే పొడిపొడిగా రాలి వేలికి అంటుకుంటుంది. అలాంటిది ఊరికే ఇచ్చినా వద్దు.

నీ స్టీరియో ఆంప్లిఫయర్‌కి సబ్ అవుట్ (సబ్‌వూఫర్‌కి వైరు తగిలించే సాకెట్) లేదని కొత్త రిసీవర్ కొంటానన్నావే, అక్కడే నాకు గుండె ఆగింది. మీ వయసు వాళ్లకి ఏదైనా కొంటేనే పని అయినట్టు! చాలా సబ్‌ల వెనకాల స్పీకర్ వైర్లు బిగించే ఇన్‌పుట్లు ఉంటాయి. ఆంప్లిఫయర్ ఆపేసి, స్పీకర్లకి వెళ్లే టెర్మినల్స్ నుంచే ఇంకో జత వైర్లు లాగి, ప్లస్సు, మైనస్సు తప్పకుండా వాటికి బిగించు. మామూలు వైరు చాలు.

ఇక అసలు డబ్బు పోగొట్టుకునేది ఎక్కడ పెట్టాలో తెలియక. బేస్ చాలట్లేదని నేను పది అంగుళాలది అమ్మేసి పన్నెండు అంగుళాలది కొన్నాను. అదే మూల, అదే సోఫా, అదే వెలితి. 40 హెర్ట్జ్ బేస్ శబ్దతరంగం పొడవు సుమారు 28 అడుగులు, అంటే నీ గది కంటే పెద్దది. అది గోడకి తగిలి వెనక్కి వచ్చి, ఒకచోట కలిసి గుమ్మంటుంది, ఇంకోచోట ఒకదాన్నొకటి చంపేసుకుంటుంది. నా సోఫా సరిగ్గా ఆ చచ్చిన చోట ఉంది. సబ్‌ని తీసుకెళ్లి నువ్వు కూర్చునే సోఫా మీద పెట్టు. బేస్ గిటార్ బాగా వినిపించే పాట పెట్టి, గోడల వెంట నేల మీద పాకుతూ విను. ఇంట్లో వాళ్లు నవ్వుతారు, నవ్వనీ. ఎక్కడ ప్రతి స్వరం సమానంగా, స్పష్టంగా వినిపిస్తే సబ్ చోటు అదే. మా ఇంట్లో అది రెండు కిటికీల మధ్య తేలింది. ఇప్పుడు వచ్చినవాళ్లంతా ఎంత పెట్టి కొన్నారని అడుగుతారు, నేను చెప్పను.

క్రాస్‌ఓవర్ మీట (ఏ స్థాయికి కిందున్న శబ్దం సబ్ మోగించాలో చెప్పేది) 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టు. స్పీకర్లు కాస్త పెద్దవైతే 60కి దించు. ఫేజ్ స్విచ్ (సబ్, స్పీకర్ల శబ్దం ఒకదానితో ఒకటి కలిసేలా చూసేది) 0, 180లో ఏది పెట్టినప్పుడు బేస్ నిండుగా ఉంటే అది ఉంచు. వాల్యూమ్ సున్నా నుంచి కొంచెం కొంచెంగా పెంచుకో. సబ్ మోగుతోందని విడిగా తెలిస్తే ఎక్కువైనట్టే. గుయ్‌మని హమ్ వస్తే ఆంప్లిఫయర్, సబ్ రెండూ ఒకే ప్లగ్ పాయింట్ నుంచి తీసుకో. ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకు, ఎవరు చెప్పినా సరే.

చివరగా కింది ఫ్లాటు. మన ఊళ్లో ఇటుక గోడలు, కాంక్రీటు శ్లాబు. ఇక్కడి అపార్ట్‌మెంట్లు చాలావరకు చెక్క ఫ్రేము, జిప్సం బోర్డు. బేస్ నేరుగా కింద వాళ్ల మంచం దాకా వెళ్తుంది. సబ్ కింద మందపాటి ఫోమ్ ప్యాడ్ వేయి. దానివల్ల అదురు తగ్గుతుంది, శబ్దం పూర్తిగా ఆగదు. రాత్రి ఎన్నింటికి కట్టేయాలనేది నీ లీజులో ఉండొచ్చు, చదువుకో. మాట వినకపోతే జరిమానా ఉంటే అదీ అందులోనే రాసి ఉండొచ్చు, ముందు ఆ పేజీ చూడు.