బొమ్మ కింద చీటీ

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. "కాలనీ కమ్యూనిటీ హాల్లో బొమ్మలు పెడుతున్నాం. ప్రతి బొమ్మ కింద కళాకారుడి మాట 80 పదాల్లో రాసివ్వమన్నారు. ఏం రాయాలి టీచరమ్మా?" నెల రోజులు కూర్చుని బొమ్మ వేసినవాళ్ళు కూడా ఈ 80 పదాల దగ్గర టెన్షన్ పడిపోతున్నారు. నేను 31 ఏళ్ళు ముషీరాబాద్ వైపు సర్కారు బళ్ళో డ్రాయింగ్ చెప్పాను. రిటైరయ్యాక మా రాంనగర్ హాల్లో ఏటా ఆ చీటీలు అతికించే పని నామీద పడింది. కాబట్టి ఈసారి జవాబులన్నీ చీటీల గురించే.

నాలుగో అంతస్తులో ఉంటాం. ముగ్గులు క్యాన్వాస్ మీద వేస్తాను. చీటీలో "ప్రకృతే నా స్ఫూర్తి, సంప్రదాయమే నా ఊపిరి" అని రాశాను. మా అమ్మాయి చదివి పకపకా నవ్వింది. ఎందుకో చెప్పదు. మీరైనా చెబుతారా?
— ఒక గృహిణి, మల్కాజ్‌గిరి

నేనూ మీ అమ్మాయి పక్షమేనమ్మా. పోయినేడు మా హాల్లో 23 చీటీలు అతికిస్తే, అందులో పదకొండింటికి ప్రకృతే స్ఫూర్తి. ఆ పదకొండులో ఒకటి ఆటో బొమ్మ.

మీ ఉత్తరం రెండో పేజీలో మాటవరసకు అన్నట్టు ఒక సంగతి రాశారు. పెళ్ళయ్యాక వచ్చిన ఫ్లాట్‌కి వాకిలి లేదు, గుమ్మం ముందు రెండు టైల్స్, ముగ్గు వేస్తే తొమ్మిదింటికల్లా వాచ్‌మన్ భార్య మాప్ పెట్టి తుడిచేస్తుంది, అందుకని మెహందీ కోన్‌లో తెల్ల అక్రిలిక్ నింపి, ఎర్రమట్టి రంగు పూసిన క్యాన్వాస్ మీద వేయడం మొదలుపెట్టాను అని. చీటీ అక్కడే ఉంది. ఇంకెక్కడో ఎందుకు వెతుకుతున్నారు?

మీరు పంపిన ఫోటోలో ముగ్గు చూశాను. సందు చుక్క, 15 నుంచి 8 వరకు. మధ్య వరసలో 15, పైకీ కిందికీ ఒక్కొక్కటీ తగ్గుతూ 8. భూతద్దం పెట్టుకుని లెక్కపెట్టాను, 169 చుక్కలు ఉండాలి, ఉన్నాయి. కుడివైపు మూల దగ్గర కోన్ బిగిసినట్టుంది, గీత ఒక్కచోట లావై, మళ్ళీ సన్నబడింది. దాన్ని దిద్దకుండా వదిలేశారు, మంచి పని చేశారు. వాకిట్లో నడుం వంచి వెనక్కి జరుగుతూ వేసే ముగ్గుకి, బల్ల దగ్గర కూర్చుని వేసే ముగ్గుకి చెయ్యి ఎక్కడ తేడా చేస్తుందో మీకు తెలుసు. పిండి వేలి సందులోంచి జారేటప్పుడు తప్పు పోతే చీరకొంగుతో తుడిచేయొచ్చు. అక్రిలిక్ అయితే కాసేపట్లో ఆరిపోతుంది. ఇలాంటివి రాయండి. ఇలా మొదలుపెట్టినా చాలు:

"మా ఫ్లాట్ ముందు రెండు టైల్స్ ఉన్నాయి. వాటి మీద 15 చుక్కల ముగ్గు పట్టదు. పట్టినా తొమ్మిది దాటి ఉండదు. మా అమ్మ నేర్పిన ముగ్గులు చెరిగిపోని చోట వేయాలనిపించింది."

అమ్మ నేర్పారని మీరు రాయలేదు, నేనే ఊహించాను. నేర్పింది అత్తగారో, పక్కింటి పిన్నో అయితే అదే రాయండి. పేరు పెట్టి రాస్తే ఇంకా బాగుంటుంది.

పెద్ద పేరున్నవాళ్ళు కూడా ఇంతే. తోట వైకుంఠం గారి బొమ్మల్లో అంత పెద్ద బొట్టు, అంత నిండైన రంగుల చీరలు ఎక్కడివని అడిగితే, కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో ఆయన తల్లి, చిన్నప్పుడు ఊరికొచ్చిన నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్ళు గుర్తొస్తారు. ఊరు, అమ్మ, వేషం.

నా సొంత గోడు కూడా ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ కింద ఒక ప్రదర్శనకి కిరోసిన్ స్టవ్ బొమ్మ ఇచ్చాను. పంపు కొట్టే ఇత్తడి స్టవ్, పక్కన దాని రంధ్రం పొడిచే పిన్ను. చీటీలో "పిన్ను కనబడక అమ్మ తిట్టిన రోజు" అని రాశాను. ప్రారంభోత్సవానికి వెళ్ళి చూస్తే నిర్వాహకులు దాన్ని "స్త్రీ అంతరంగ జ్వాల" అని మార్చి అచ్చువేయించారు. జనం ఆ చీటీ చదివి గంభీరంగా తలూపి వెళ్ళిపోయారు. స్టవ్‌ని ఎవరూ చూడలేదు. అప్పట్నుంచి ఎవరి చీటీ మీదా నేను అక్షరదోషం తప్ప ఇంకేదీ దిద్దను.

రెండు రోజుల వర్క్‌షాప్‌లో చేర్యాల పెయింటింగ్ నేర్చుకున్నాను. ఎర్ర బ్యాక్‌గ్రౌండ్‌తో బతుకమ్మ ఆడే ఆడవాళ్ళని వేశాను. "చేర్యాల కళాకారిణి" అని రాసుకోవచ్చా?
— ఎల్.బి.నగర్ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగిని

వద్దమ్మా. మీ బొమ్మ బాగుంది, బాధపడకండి. కానీ వద్దు.

చేర్యాల ఒక ఊరు, సిద్దిపేట జిల్లాలో ఉంది. అక్కడి నకాశీ కుటుంబాలు తరాలుగా ఆ పటాలు రాస్తున్నాయి. మీరు షాపులో క్యాన్వాస్ కొని అక్రిలిక్‌తో వేశారు. వాళ్ళు ఖద్దరు బట్ట తీసుకుని, దానికి సుద్దమట్టి, గంజి, ఉడికించిన చింతగింజల జిగురు, బంకనీళ్ళు కలిపి పూస్తారు. ఆరనిచ్చి మళ్ళీ పూస్తారు. ఆ బట్ట మడిచినా పగలకూడదు, ఎందుకంటే అది గోడకి వేలాడదీయడానికి పుట్టిన బొమ్మ కాదు. కథకులు చుట్టచుట్టి భుజాన వేసుకుని ఊరూరా తిరగడానికి పుట్టింది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్ళు, ఇంకో కులానికి కథ చెప్పే కాకిపడగలవాళ్ళు, ఇలా ఒక్కో కులానికి ఒక్కో కథ, ఆ కథకో పటం. కథ ముందుకి నడిచినకొద్దీ పటం ఒక్కో అర విప్పుతారు. రాత్రి దీపాల వెలుగులో దూరంగా కూర్చున్నవాళ్ళకి కూడా మనుషులు విడిగా కనబడాలి. వెనక ఆ నిండు ఎరుపు ఎందుకో ఇప్పుడు మీకు ఇంకోలా కనిపిస్తుందనుకుంటాను.

పైగా చేర్యాల పటాలకి జీఐ గుర్తింపు ఉంది, అంటే ఫలానా చోట పుట్టిన సరుకుకే ఆ పేరు దక్కేలా చట్టం ఇచ్చే గుర్తింపు. 1999 నాటి ఆ చట్టం ప్రకారం ఆ పేరు పెట్టి అమ్ముకోవడం అందరి హక్కు కాదు. మీరు అమ్మడం లేదు నిజమే, అయినా పేరు పేరే.

"చేర్యాల నకాశీల దగ్గర రెండు రోజులు కూర్చుని నేర్చుకున్న పద్ధతిలో వేసిన బొమ్మ" అని రాయండి. మీకు నేర్పినాయన పేరు ఆయన్ని అడిగి వేయండి. సిద్దిపేట కాపు రాజయ్య గారు కూడా నకాశీ పద్ధతి నుంచి ఎంతో తీసుకున్నారు, బోనాలు, బతుకమ్మలు వేశారు. కానీ అవి రాజయ్య బొమ్మలుగానే ఉన్నాయి, చేర్యాల పటాలనిపించుకోలేదు. మీ బతుకమ్మలో పక్కనుంచి చూపించిన ముఖం, చేప లాంటి కన్ను నేర్చుకున్నవి. ఆ మూల ఒకావిడ సెల్‌ఫోన్‌తో వీడియో తీస్తోంది చూశారా, అది మాత్రం పూర్తిగా మీది. చీటీలో ఆవిడ గురించి రాయండి.

ఇంటర్నెట్‌లో దొరికిన చార్మినార్ ఫోటో చూసి ట్యాబ్‌లో డిజిటల్ పెయింటింగ్ వేశాను. అందరూ మెచ్చుకున్నారు. ఫోటో సంగతి చీటీలో చెబితే విలువ తగ్గిపోతుందేమో?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొండాపూర్

బాబూ, మా నాయన సినిమా బ్యానర్లు రాసేవాడు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్ల ముందు నిలబెట్టిన బొమ్మల్లో ఆయన చేతివి చాలా ఉండేవి. ఆయన జీవితంలో ఒక్క బ్యానర్ కూడా సొంత ఊహతో రాయలేదు. సినిమావాళ్ళు స్టిల్ ఇస్తారు. దాని మీద పెన్సిల్‌తో గళ్ళు కొట్టి, బట్ట మీద సుద్దతో అంతకంత పెద్ద గళ్ళు కొట్టి, గడి గడికీ రాసుకుంటూ పోవడమే. కాపీనే. కానీ బుగ్గ మీద గులాబీ పక్కన, ముక్కు నీడలో ఆకుపచ్చ ఎందుకు వేశావు నాయనా అని చిన్నప్పుడు అడిగితే, "రోడ్డు అవతలికి పోయి చూడు" అన్నాడు. అవతలికి పోయి చూస్తే ఆకుపచ్చ లేదు, ముక్కు ఉంది. స్టిల్‌లో ఆ ఆకుపచ్చ లేదు. అది నాయనది.

అంత పెద్ద చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ కూడా బొంబాయిలో సినిమా హోర్డింగులు రాసినవాడేనని ఎవరో చెబితే, మా నాయన వారం రోజులు ఆ మాట అందరికీ చెప్పాడు. తర్వాత ఫ్లెక్స్ వచ్చింది. ఆ సంగతి ఇంకోసారి.

కాబట్టి ఫోటో చూసి వేయడం తప్పు కాదు, దాచడమే తప్పు. తీసినవాడికి ఆ ఫోటో మీద హక్కు ఉంటుంది, అనుమతి అడగండి, పేరు వేయండి. అడగడానికి మనిషే దొరక్కపోతే ఆ బొమ్మ పెట్టకండి. కొండాపూర్ నుంచి పాతబస్తీ ఎంత దూరం? ఒక ఆదివారం పొద్దున్నే వెళ్ళండి. 1591 నుంచి అక్కడే ఉంది, మీకోసం ఇంకో వారం ఆగుతుంది. అందరూ తీసే ఎదురు ఫోటో వదిలేసి లాడ్‌బజార్ వైపు నుంచి చూడండి. గాజుల షాపుల షట్టర్లు సగం లేచి ఉంటాయి, ఆ సందులోంచి ఒక మినారు, దాని మీద పావురాలు, కింద కరెంటు వైర్లు. వైర్లు తీసేయాలని మీకు అనిపిస్తుంది. ఉంచుతారో తీసేస్తారో మీ ఇష్టం, చీటీలో మాత్రం ఆ సంగతి రాయండి.

చీటీ తెలుగులోనా, ఇంగ్లిష్‌లోనా? ధర వేయాలా?
— ఇద్దరు ముగ్గురు అడిగారు

మీరు ఇంట్లో ఏ భాషలో మాట్లాడతారో ఆ భాషలో. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, మా హాల్లో ఒక ట్యూబ్‌లైట్ ఎప్పుడూ కొట్టుకుంటూ ఉంటుంది. ధర వేరే కాగితం మీద. 80 పదాలు నిండకపోతే నింపకండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెకా ఉంది కదా, ఇటలీ శిల్పి బెంజోని చెక్కింది. ఆ పేరు కూడా చదవకుండానే జనం గుంపుగా నిలబడి ఆ పాలరాతి ముసుగు వైపు నోరు తెరుచుకుని చూస్తారు.

ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. పాత బేరింగులు, చైన్లు, స్పార్క్ ప్లగ్గులతో పిట్టల్ని చేస్తాను. ఫారంలో "ప్రేరణ" అని ఒక గడి ఉంది. నాకే ప్రేరణా లేదు. పారేయబుద్ధి కాక చేశాను. గడి ఖాళీగా వదిలేస్తే ఫారం తీసుకోం అంటున్నారు.
— 70 ఏళ్ళ పాఠకుడు, ఉప్పల్

అన్నగారూ, గడిలో "పారేయబుద్ధి కాలేదు" అని రాయండి. నేనిన్నేళ్ళలో అతికించిన చీటీల్లో ఇంత సూటిగా ఉన్నవి రెండో మూడో. కింద ఇంకో వాక్యం పట్టే చోటుంటే, ఏ పిట్టలో ఏ బండి ముక్క ఉందో రాయండి. కాకి కన్ను ఏ రూట్ బస్సు బేరింగో తెలిస్తే ఆ రూట్లో రోజూ పోయేవాళ్ళు ఊరికే వదలరు, పిల్లల్ని తీసుకొచ్చి మరీ చూపిస్తారు.

ఒక్క మాట. పాత బేరింగుల్లో గ్రీజు ఎంత తుడిచినా ఎండకి మళ్ళీ ఊరుతుంది. పిట్టల కింద పాత దుప్పటి ముక్క పరవండి. మా హాల్ బల్లల మీద మరక పడితే సెక్రటరీ గారు నన్నే పిలుస్తారు.