రాజాం నుంచి ఒక నాన్నగారి ప్రశ్న: సీఎస్‌ఈనా, ఫిజిక్సా?

"మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు. సీఎస్‌ఈ వద్దంటోంది. ఫిజిక్స్ చదివి, చిన్న గెలాక్సీల నుంచి వచ్చే గామా కిరణాల్లో డార్క్ మ్యాటర్ కోసం వెతుకుతుందట. ఇన్నేళ్లుగా వెతుకుతున్నా దొరకలేదంటున్నారు. రెండూ పోల్చి చెప్పండి."

సార్, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఒకసారి గెలాక్సీ, ఒకసారి ఆర్కియాలజీ, పేరే మారుతుంది. లోపలి టెన్షన్ ఒక్కటే, పిల్ల సెటిలవకపోతే చుట్టాలకి ఏం చెప్పాలి అని.

ముందు ఆ 'దొరకలేదు' సంగతి. డార్క్ మ్యాటర్ అంటే కంటికి కనపడని, బరువు వల్లే ఉనికి తెలిసే పదార్థం. దాని కణాలు ఒకదాన్నొకటి ఢీకొంటే గామా కిరణాలు, అంటే చాలా శక్తి ఉన్న వెలుగు, రావచ్చని అంచనా. సిరిమానోత్సవం రోజున ఆ జనంలో నిలబడి ఎక్కడో మోగే గజ్జె చప్పుడు వినగలరా? మన పాలపుంత మధ్యభాగం అలాంటిదే, గామా కిరణాల గోల. డ్రాకో, సెగ్యూ 1 లాంటి మరుగుజ్జు గెలాక్సీలేమో అర్ధరాత్రి పల్లెటూళ్లు. నక్షత్రాలు తక్కువ, గ్యాస్ దాదాపు లేదు, బరువులో ఎక్కువ భాగం డార్క్ మ్యాటర్‌దే. అక్కడ గామా వెలుగు కనిపిస్తే వేరే ఎవర్నీ పెద్దగా అనుమానించక్కర్లేదు. 2008లో పైకి వెళ్లిన ఫెర్మి టెలిస్కోప్ ఆరేళ్ల డేటాలో అలాంటివి 15 కలిపి చూస్తే ఏమీ కనపడలేదు. దాంతో ప్రోటాన్ బరువుకి సుమారు వంద రెట్ల లోపు బరువుండే డార్క్ మ్యాటర్ కణాల మీద పెట్టుకున్న కొన్ని అంచనాలు చెల్లవని 2015లో తేలింది. లేదని గట్టిగా తేల్చినా పీహెచ్‌డీ వస్తుంది సార్, జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసే పిల్లలకిచ్చే ఫెలోషిప్) ఉంటే నెలకి 37,000 రూపాయలు కూడా.

దారి పొడుగే, దాచను. ముప్పై దాటినా పర్మనెంట్ ఉద్యోగం గ్యారంటీ లేదు. కానీ నా అసలు దిగులు మీ సీఎస్‌ఈ మీద. పాత సిలబస్‌కే పక్కన ఏఐ అని తగిలించి, సెక్షన్ మీద సెక్షన్ పెంచి, పాఠం చెప్పేవాళ్లని మాత్రం పెంచని కాలేజీలు చాలా చూశాను. ఇష్టం లేని పిల్లని అందులో కూర్చోబెడితే నాలుగేళ్ల తర్వాత కోడింగూ రాదు, ఫిజిక్సూ ఉండదు. గామా డేటాతో కుస్తీ పట్టిన పిల్లకి పైథాన్, స్టాటిస్టిక్స్ ఎలాగూ వస్తాయి, రేపు మనసు మారినా రోడ్డున పడదు. లద్దాఖ్‌లో హాన్లే దగ్గర 21 మీటర్ల మేస్ గామా టెలిస్కోప్ 2024లో ప్రారంభమైంది, కట్టింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. అంటే ఇది అమెరికా వాళ్లకే పరిమితమైన పనేం కాదు.

సైన్స్ చదువుకున్న కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఐజర్‌ల ప్రవేశ పరీక్షల వివరాలు అమ్మాయికే తెలుసుంటాయి. ఫెర్మి డేటా ఉచితం, సెలవుల్లో డ్రాకో వైపు డేటా దించుకుని రెండు నెలలు తంటాలు పడనివ్వండి. విసుగొస్తే తనే చెబుతుంది.

ఇక పోలిక. మీరు సీఎస్‌ఈ ఫీజు రాశారు, ప్యాకేజీలు రాశారు, పక్కింటి అబ్బాయి ర్యాంకు కూడా రాశారు. అమ్మాయికి ఫిజిక్స్‌లో ఎన్ని మార్కులొచ్చాయో రాయలేదు. అవి పంపండి, అప్పుడు పోలుద్దాం.